నేను బిగించిన నాలుగు స్క్రూలు

ఫౌజులో ఇరవై ఎనిమిదేళ్ళు రేడియో సెట్లు బాగుచేసి పింఛను పుచ్చుకున్నవాణ్ణి. బాగుచేసినవాటి గురించి చెప్పమంటే సాయంత్రం దాకా చెప్తాను, మీరు ఆవలిస్తున్నా ఆపను. కానీ స్క్రూడ్రైవరు పట్టుకుని బతకబోయే కుర్రకారుకి నేను బాగుచేసిన సెట్లన్నిటికన్నా చెడగొట్టిన ఒక్క వస్తువు సంగతి ఎక్కువ పనికొస్తుందని ఈ మధ్య అనిపిస్తోంది. అది రేడియో కూడా కాదు. బేస్ గిటారు.

తొంభైల నడిమి మాట. ఢిల్లీ కంటోన్మెంటులో మా వర్క్‌షాపుకీ బ్యాండు హాలుకీ మధ్య ఒక పరేడ్ గ్రౌండు. పొద్దున్నే అటునుంచి బాకాలూ డ్రమ్ములూ వినిపించేవి, ఇటునుంచి మా సుబేదార్ సాబ్ తిట్లు వినిపించేవి. బ్యాండంటే కవాతు ముందు నడిచేది మాత్రమే అనుకునేరు. ఆ మనుషులే ఆఫీసర్స్ మెస్సులో పార్టీ ఉంటే బట్టలు మార్చుకుని గిటార్లూ కీబోర్డూ అందుకునేవారు. ఆ గిటార్లు, మైకులు, యాంప్లిఫయర్లు కరెంటు వస్తువులు కాబట్టి వాటి రోగాలన్నీ నా బల్ల మీదకే వచ్చేవి.

బేస్ వాయించేవాడు గుంటూరు జిల్లావాడు, నాయక్ ర్యాంకు. వాళ్ళ ఊరి చర్చిలో హార్మోనియం పక్కన కూర్చుని నేర్చుకున్న సంగీతంతోనే ఫౌజులోకి వచ్చాడు. నాది గిద్దలూరు వైపు. ఇద్దరం తెలుగువాళ్ళం కావడంతో నన్ను అన్నా అనేవాడు, వాళ్ళావిడ అన్నయ్యగారూ అనేది. ఆదివారం వాళ్ళ క్వార్టర్లో గోంగూర పచ్చడి తినడానికి వెళ్ళేవాణ్ణి. నేను ఒంటరిగా బ్యారక్‌లో ఉండేవాణ్ణి లెండి.

ఆ ఏడు ఎండలు తగ్గే రోజుల్లో లారీలోంచి వాద్యాలు దించుతుంటే వెనక తలుపు జారి అతని కుడిచేతి మీద పడింది. చూపుడువేలూ మధ్యవేలూ విరిగాయి. బేస్ తీగలు మీటేది ఆ రెండు వేళ్ళతోనే. ఆస్పత్రి, పిండికట్టు, ఆ పైన సిక్ లీవు, అంతా కలిసి మూడు నెలలు గిటారు ముట్టుకోలేదు.

అతను లేని ఆ మూడు నెలల్లోనే మా వార్షిక ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఇన్‌స్పెక్షనంటే మా దగ్గర పూనకం. రాళ్ళకి సున్నం, చెట్లకి గేరు అనే ఎర్రమట్టి రంగు, బూట్లకి పాలిష్. వర్క్‌షాపులో అయితే ప్రతి వస్తువు మీదా ప్రతి స్క్రూ బిగించి ఉండాలి. వదులు స్క్రూ కనబడిందంటే మా వృత్తిలో పరువు పోయినట్టే. బిగించాక దాని తల మీద ఒక చుక్క ఎర్ర లక్క పెట్టేవాళ్ళం. అది సీలు. వర్క్‌షాపు మనిషి తప్ప ఇంకెవరూ ఆ చుక్క చెరపకూడదు. చుక్క ఉన్నదంటే ఆ స్క్రూ సంగతి చూసేశారు, ఇక దాని జోలికి పోనక్కరలేదని అర్థం.

బేస్ గిటారు కూడా ఆ వరసలో నా బల్ల మీదకి వచ్చింది. తీగల కింద చెక్కలో రెండు నల్లటి పెట్టెలు ఉంటాయి. పికప్పులంటారు. లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగి తీగ. పైన తీగ ఊగితే ఆ ఊపుని కరెంటుగా మార్చి యాంప్లిఫయరుకి పంపుతాయి. ఒక్కో పెట్టెకి రెండు స్క్రూలు. ఆ నాలుగూ వదులుగా ఉన్నాయి! పెట్టెలు చెక్క మీద ఎత్తుగా లేచి, వేలితో నొక్కితే మెత్తగా దిగుతున్నాయి. ఈ సంగీతగాళ్ళకి వస్తువంటే లెక్కలేదని పక్కవాడితో చెప్పి నవ్వాను. నాలుగు స్క్రూలూ చివరికంటా తిప్పాను. పెట్టెలు చెక్కతో సమానంగా, ముచ్చటగా కూర్చున్నాయి. నాలుగు ఎర్ర చుక్కలు పెట్టాను. ఇన్‌స్పెక్షన్ అధికారి గిటారు చేతిలోకి తీసుకుని చూసి "షాబాష్" అన్నాడు కూడా.

డిసెంబరులో అతను డ్యూటీకి వచ్చాడు. మొదటి ప్రాక్టీసు రోజునే గిటారు ఎత్తుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా ఇది, సౌండు రావట్లా. యాంప్లిఫయరు మొత్తం పెంచినా ఎక్కడో పక్క గదిలో వాయించినట్టుంది."

పని మొదలుపెట్టాను. కేబుల్ మార్చాను. యాంప్లిఫయరు మార్చాను. అదే యాంప్లిఫయరుకి మామూలు గిటారు తగిలిస్తే గోడలు అదిరాయి. బేస్ తగిలిస్తే మూలిగింది. వాల్యూము తిప్పే గుండీలు శుభ్రం చేశాను. టంకాలన్నీ భూతద్దంతో చూశాను. పికప్పు వైర్లకి మీటరు పెడితే ఎంత చూపించాలో అంతే చూపించింది. దర్యాగంజ్‌లో వాద్యాల దుకాణం నుంచి కొత్త తీగలు తెప్పించి వేశాం. ఒక్క రవ్వ తేడా రాలేదు.

ఎర్ర చుక్కలు నాలుగూ నా కళ్ళ ముందే ఉన్నాయి. అవి నావే. వాటి సంగతి ఎప్పుడో చూసేశాను కదా.

ఆ రోజు అతను ఇంకో మాట అన్నాడు. అది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గిటారు ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి బొటనవేలు పికప్పు మీద ఆనించి, మళ్ళీ తీసి, మళ్ళీ ఆనించి, "బొటనేలు ఆనేచోటు కిందకి దిగిపోయినట్టుందన్నా. జారుతా ఉంది" అన్నాడు.

నేను నవ్వాను. "మూడు నెల్లు వాయించక నీ చెయ్యే మర్చిపోయింది. గిటారుకేం తెలుసు పాపం" అన్నాను.

అతనూ నవ్వాడు. నా మాట నమ్మాడు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది.

బ్యాండు మాస్టరు కొండలవైపు నుంచి వచ్చిన ఒక పహాడీ సుబేదారు. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేవాడు. నవ్వగా ఎవరూ చూడలేదు. ఆయన రెండు వారాలు చూసి, మూడోవారం నన్ను పిలిపించాడు.

"ఉస్తాద్, సీదా మాట చెప్పు. ఖరాబీ గిటారులో ఉందా, వేళ్ళలో ఉందా?"

"గిటారు బిల్కుల్ ఠీక్ ఉంది సాబ్. అన్నీ కొలిచాను."

"అయితే రాసివ్వు."

రాసిచ్చాను. "పరీక్షించడమైనది. దోషం లేదు. వాడుకకు యోగ్యము." కింద సంతకం, దాని కింద వర్క్‌షాపు ముద్ర. ఆ కాగితం దేనికని నేను అడగలేదు. సాయంత్రం తెలిసింది. చెయ్యి విరిగి వచ్చినవాళ్ళు బ్యాండులో ఉండటానికి పనికొస్తారో లేదో తేల్చడానికి వచ్చే శుక్రవారం ముగ్గురు ఆఫీసర్ల బోర్డు కూర్చుంటోంది. వాయించి చూపించాలి. చాలదంటే బ్యాండు నుంచి తీసేసి సరిహద్దు వైపు ఏదో యూనిట్లో స్టోరు డ్యూటీకి పంపేస్తారు. నా కాగితం ఆ ఫైల్లో మొదటి పేజీ.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. గోంగూర కోసమే వెళ్ళానని చెప్పుకున్నాను గానీ నిజానికి మనసు నిలవక వెళ్ళాను. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడ ఉప్పు వేసిన వేడినీళ్ళ గిన్నెలో అతని కుడిచెయ్యి ముంచి పట్టుకుంది. మధ్యవేలు వంకాయలా ఉబ్బి ఉంది.

"ఏంరా ఇది?" అన్నాను.

"గట్టిగా మీటుతున్నా అన్నా. గట్టిగా కొడితేగాని వినపడట్లా. రోజూ నాలుగ్గంటలు చేస్తున్నా. శుక్రవారానికి వచ్చేస్తదిలే."

"డాక్టరేమన్నాడు?"

"డాక్టరు దగ్గరికి పోతే ఆపమంటాడు. ఆపితే బోర్డెట్టా?"

ఆవిడ తల ఎత్తలేదు. నీళ్ళల్లో ఉన్న చేతినే చూస్తూ అడిగింది. "అన్నయ్యగారూ, గిటారు బాగుందని మీరు రాసిచ్చారంటగా. అయితే చెడిపోయింది ఈయన చెయ్యేనా?"

"నా మీటరు అట్టా చెప్పిందమ్మా" అన్నాను.

"మీటరు మాటే మాట అయితే ఇక మేమేం అంటాంలే" అని గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను గుమ్మందాకా వచ్చి మెల్లగా అన్నాడు. "దాని మాటలు పట్టించుకోబాకన్నా. బ్యాండు లేకపోతే నేను ఫౌజులోకి వచ్చేవాణ్ణే కాదు. అది దానికి తెలుసు. అందుకే భయం."

సోమవారం నుంచి గురువారం దాకా ఆ గిటారుని మూడుసార్లు తెప్పించుకుని మళ్ళీ మళ్ళీ కొలిచాను. కొలిచినప్పుడల్లా అదే అంకె. మీటరు మీద కోపం వచ్చింది. ఆ అంకె సరిగ్గా ఉన్నందుకు కోపం వచ్చింది. నా బల్ల మీద ఏ వస్తువూ నన్ను అలా ఓడించలేదు. మూగవాడి ఎదుట కూర్చుని నోరు తెరిచి చెప్పరా అని అడిగినట్టుండేది.

శుక్రవారం. పొగమంచు. పరేడ్ గ్రౌండు అవతల ఏముందో కనబడటం లేదు. బోర్డు పదకొండింటికి. శుక్రవారం మా వర్క్‌షాపులో మెయింటెనెన్స్ పరేడ్, అంటే జీపుల్లో బిగించిన సెట్లన్నీ చూసుకునే రోజు. పదకొండు దాటుతుండగా మా సుబేదార్ సాబ్ ఒక జీపులోకి తల దూర్చి, ఒక మెకానిక్‌ని పట్టుకుని తిట్లు లంకించుకున్నాడు.

"ఎవడు నేర్పాడురా నీకు? కింద రబ్బరు ఉంది, కనబడట్లేదా? రబ్బరు మీద కూర్చునే సెట్టు స్క్రూ అంత బిగిస్తారా? రబ్బరు నలిగి సెట్టు కిందకి దిగిపోయింది చూడు. ఇది బిగించడానికి పెట్టిన స్క్రూ కాదు, ఎత్తు సరిచేయడానికి పెట్టింది!"

నేను ఆ పక్క జీపు దగ్గర ఉన్నాను. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

కిందకి దిగిపోయినట్టుందన్నా. జారుతా ఉంది.

పెట్టెల కింద స్పాంజి. వేలితో నొక్కితే మెత్తగా దిగింది అందుకే. ఆ నాలుగు స్క్రూలు వదులుగా ఉన్నవి కావు, ఎత్తు కోసం అలా ఉంచినవి. చివరికంటా బిగించి, పెట్టెల్ని తీగలకి దూరంగా చెక్కలోకి దించేశాను. తీగ ఊపు అయస్కాంతానికి అందడం లేదు. రాగి తీగ తెగలేదు, టంకం ఊడలేదు. అందుకే మీటరు తప్పు చెప్పలేదు. దూరాన్ని కొలిచే మీటరు నా దగ్గర లేదు. అతని బొటనవేలు దాన్ని కొలిచి చెప్పింది. దాన్ని చూసి నవ్వాను.

ఎవరి సైకిలో గోడకి ఆనించి ఉంటే ఎక్కాను. వెనక సుబేదార్ సాబ్ అరుస్తున్నాడు. పరేడ్ మధ్యలోంచి అనుమతి లేకుండా వెళ్ళడం చిన్న నేరం కాదు. మంచులో గ్రౌండుకి అడ్డంపడి తొక్కాను. సగం దూరంలో టోపీ ఎగిరిపోయింది. ఆగలేదు.

బ్యాండు హాలు తలుపు మూసి ఉంది. లోపల్నుంచి బేస్ వినబడుతోంది. వినబడటమంటే, ఏదో దూరంగా, నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు. మీటు మీటుకీ మధ్య తీగ చెక్కకి కొట్టుకునే చప్పుడు ఎక్కువ. అతను ఎంత బలంగా లాగుతున్నాడో ఆ చప్పుడే చెప్తోంది. నెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను.

పొడుగుబల్ల వెనక కల్నల్ సాబ్, ఇద్దరు మేజర్లు. పక్కన నిలబడి బ్యాండు మాస్టరు. మధ్యలో స్టూలు మీద అతను. నుదుటిమీద చెమట, ఆ చలిలో. నన్ను చూసి ఆపేశాడు.

టోపీ లేకుండా సెల్యూట్ చేయకూడదు. సావధాన్‌లో నిలబడ్డాను, ఊపిరి అందక ఎగశ్వాసతో.

"క్యా హై?" అన్నాడు కల్నల్.

"సార్, గిటారులో దోషం ఉంది."

ఆయన ఫైలు తెరిచి మొదటి పేజీ చూశాడు. నా వైపు తిప్పాడు. "దోషం లేదని ఇక్కడ రాశావు. ఇది నీ సంతకమేనా?"

"జీ సార్."

"మరి ఎవరు పాడుచేశారు?"

ఆ ఒక్క క్షణంలో నాకు చాలా ఆలోచనలు వచ్చాయని ఒప్పుకుంటాను. స్పాంజి పాతదై కూర్చుండిపోయిందని చెప్పొచ్చు. అదీ సగం నిజమే. ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకి నా పేరు వెళ్ళి ఉంది. ఆ కోర్సు కోసం ఆరేళ్ళు ఎదురుచూశాను. అతని వేలి వైపు చూశాను. తీగ మీంచి ఇంకా తీయలేదు.

"నేనే సార్. ఇన్‌స్పెక్షన్‌కి బిగించాను. చుక్కలు కూడా నావే."

కల్నల్ గడియారం చూశాడు. "పది నిమిషాలు" అన్నాడు.

గిటారు తీసుకుని నేలమీద కూర్చున్నాను. నా సీలు నేనే గీకేశాను, నాలుగు చుక్కలూ. స్క్రూలు వదులు చేశాను. పెట్టెలు లేవలేదు! మూణ్ణెల్లు నలిగి నలిగి స్పాంజి అట్టముక్కలా అయిపోయింది, ఇక లేచే శక్తి దానికి లేదు. కింద ఏదైనా మెత్తటిది పెట్టాలి. ఏం పెట్టాలి? జేబులు తడుముకున్నాను. రుమాలు తప్ప ఏమీ లేదు. అప్పుడు నా భుజం పక్కనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. పెద్ద డ్రమ్ము కర్ర తలకి చుట్టే మందపాటి ఫెల్టు గుడ్డ, కత్తెర. బ్యాండు మాస్టరు.

అతను తీగలు వదులు చేశాడు. నేను పెట్టెలు పైకి తీసి, ఫెల్టు ముక్కలు కత్తిరించి కింద సర్ది, మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి బిగించలేదు. "ఎక్కడుండాల్రా?" అని అడిగాను. అతను బొటనవేలు ఆనించి చూసి, "ఇంకొంచెం పైకన్నా" అన్నాడు. సగం తిప్పు. "ఇంకొంచెం." పావు తిప్పు. "ఆఁ, అదీ. అక్కడే ఉండేది."

తీగలు శ్రుతి చేసుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. యాంప్లిఫయరు గుండీ అంతకు ముందు చివరికి తిప్పి ఉంది. దాన్ని సగానికి తగ్గించాను. అతను లావు తీగని మెల్లగా మీటాడు. మెల్లగానే.

మూలన స్టాండు మీద ఉన్న చిన్న డ్రమ్ము, ఎవరూ ముట్టుకోకుండానే, దాని కింది తీగలతో జిర్రుమని మోగింది. బేస్ నిండుగా పలికితే హాల్లో అది అలా మోగుతుందట. నాకు అప్పుడే తెలిసింది. బ్యాండు మాస్టరుకి ఎప్పటినుంచో తెలుసు. ఆయన వెళ్ళి ఆ డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి దాన్ని ఆపాడు. అటు తిరిగి నిలబడ్డాడు కాబట్టి నవ్వాడో లేదో చెప్పలేను.

అతను పది నిమిషాలు వాయించాడు. బోర్డు అతన్ని ఉంచేసింది. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది, పరేడ్ వదిలిపెట్టినందుకు ఒకటి, తప్పుడు రిపోర్టుకి ఒకటి. ఇన్‌స్ట్రక్టర్ కోర్సు జాబితాలోంచి పేరు తీసేశారు. మా సుబేదార్ సాబ్ వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత ఒకరోజు టీ తాగుతూ, "ఒప్పుకున్నావట కదా, అచ్ఛా కియా" అని మాత్రం అన్నాడు. దెబ్బ నాకు తగిలింది, అతను గట్టెక్కాడు, లెక్క సరిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఓదార్పు నాకు రెండేళ్ళు పనిచేసింది.

కుర్రకారుకి చెప్పదలచుకున్నది ఇక్కడే చెప్పేస్తాను. దోషం కనబడకపోతే "నాకు దొరకలేదు" అని రాయండి. "లేదు" అని రాయకండి. ఆ వస్తువుని రోజూ ముట్టుకునే మనిషి ఏదో తేడాగా ఉందంటే మీ మీటరు కాసేపు పక్కన పెట్టి అతని మాట వినండి. ఈ రెండూ ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. పోనీ దొరికినా, ఆ రోజుల్లో వినే రకం కాదు నేను.

ఆ తర్వాత బ్యాండు హాలు వైపు వెళ్ళడం తగ్గించేశాను. సిగ్గు. గిటారు రిపేరుకి వస్తే ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి. ఆదివారాలు కూడా ఏదో పని చెప్పి తప్పించుకునేవాణ్ణి. అందుకే నా రిటైర్మెంటు బడాఖానా రోజు దాకా అతని చెయ్యి దగ్గరగా చూసే అవకాశం రాలేదు.

బడాఖానా అంటే అందరం కలిసి చేసే పెద్ద భోజనం. మధ్యాహ్నం ఎండ, షామియానా, పూరీల వాసన. బ్యాండు వాళ్ళు గిటార్లు సిద్ధం చేసుకుంటున్నారు. మెళ్ళో బంతిపూల దండతో నేను కుర్చీలో కూర్చున్నాను. అతను గిటారు భుజాన వేసుకుని వచ్చి, "పోయొస్తావా అన్నా" అని చెయ్యి చాచాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. మధ్యవేలు తెరుచుకోలేదు. కొక్కెంలా వంగి, నా అరచేతిలో గుచ్చుకుంది.

"ఇదేందిరా?"

"ఏం లేదన్నా. అది రాదు. పక్కవేలు నేర్చుకున్నా. బాగానే పడతా ఉంది, ఎవరికీ తెలీదు."

"లారీ తలుపు పడినప్పటిదేనా?"

అవునని అతను అబద్ధం చెప్పొచ్చు. ఆ రోజు కల్నల్ ముందు నేను చెప్పాలనుకున్నట్టు. అతను నా ముఖంలోకి చూశాడు.

"అది ఆస్పత్రిలోనే అతుక్కుందన్నా. ఇది తర్వాత, గట్టిగా మీటినప్పటిది."

ఆ చెయ్యి వదలడం నాకు చేతకాలేదు. అవతల బ్యాండు మాస్టరు పిలిచాడు. అతనే మెల్లగా వేళ్ళు విడిపించుకుని, నా మెళ్ళో దండ సరిచేసి, వాయించడానికి వెళ్ళిపోయాడు.